తొంభైనాలుగు శాతంలో అక్కగారు

నరసాపురం చరిత్ర రాయబోయేవారు ఓడల సంగతీ లేసు అల్లికల సంగతీ ఎలాగూ రాస్తారు. వారు మరిచిపోయే ప్రమాదమున్న మహత్తర ఘట్టం ఒకటుంది కాబట్టి దాన్ని ఇక్కడ నమోదు చేయవలసి వస్తోంది. ఏటా కార్తిక శుద్ధ విదియ నాడు, మధ్యాహ్నం పన్నెండున్నరకు, రేవు దగ్గరి మూడంతస్తుల మేడ డాబా మీద, ఉదయభాస్కర్ గారు ఎడమ కన్ను మూసి, కుడి కన్ను టెలిస్కోపుకు ఆనించి, కుడిచేత్తో పులిహోర తినేవారు. ఇరవై ఒక్క ఏళ్లు అలాగే తిన్నారు. ఈ లోపల ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రం చీలింది, జిల్లాలు చీలాయి, రేవులో టిక్కెట్లు కొట్టే గుమస్తాలు నలుగురు పని మానేశారు. ఆయన ముద్ద మాత్రం నోటి దారి మరిచిపోలేదు. గురి తప్పి ముక్కుకు తగిలిన సందర్భాలు మూడే మూడని ఆయన సతీమణి నాగదుర్గ గారి వాంగ్మూలం.

ఈ మహాకార్యానికి పూనుకున్న వ్యక్తిది లేసు వ్యాపారం. మేడ కిందనే ఉన్న కొట్టు తండ్రిగారి నుంచి వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని కళ్లు పొడుచుకుని అల్లిన గుమ్మం తెరల్నీ టేబుల్ గుడ్డల్నీ ఈయన కొలిచి, మడతపెట్టి, ఆ మడతలో తన ప్రతిభ కూడా కొంత ఉన్నట్టు మొహం పెట్టి అమ్ముతారు. చదువు బీయెస్సీ. అందులో ఫిజిక్సు రెండో ప్రయత్నంలో దక్కింది. ఆ దక్కడాన్ని ఆయన కొట్టు గోడకు ఫ్రేము కట్టించి పెట్టారు.

ఆయన జీవితాన్ని మార్చినది రెండువేల మూడో సంవత్సరం, ఒక ఆదివారం అనుబంధంలో వచ్చిన అరపేజీ వ్యాసం. కుజుడు భూమికి బాగా దగ్గరగా వచ్చిన సంవత్సరమది. పత్రికలన్నీ ఆకాశం మీద పడ్డాయి. వ్యాసంలో ఉన్న విషయం ఇదీ. విశ్వం సాగిపోతోంది. మనకు కనిపించే నక్షత్ర మండలాల్లో నూటికి తొంభైనాలుగు, మనం ఈ క్షణాన కాంతి వేగంతో బయల్దేరినా ఎన్నటికీ అందుకోలేనంత జోరుగా దూరమైపోతున్నాయి. వాటి వెలుగు వస్తోంది గానీ అది ఎప్పుడో బయల్దేరిన వెలుగు. ఇవాళ అక్కడెవరైనా దీపం పెడితే అది మన దాకా రానేరాదు. లెక్కకందనన్ని సంవత్సరాలు గడిచాక ఆ పాత వెలుగు కూడా మసకబారిపోతుంది. అప్పుడు ఇక్కడ వెలసే నాగరికతలు ఎంత పెద్ద దుర్భిణులు కట్టుకున్నా, సృష్టిలో తమది ఒక్కటే ఇల్లనుకుంటాయి.

ఇంతవరకు నిజం. దీన్ని కనిపెట్టినవాళ్లు జీవితాలు ధారపోసి కనిపెట్టారు, మర్నాడు మళ్లీ పనిలోకి వెళ్లారు. ఉదయభాస్కర్ గారు అరపేజీ చదివి పని మానేశారు.

తుని నుంచి ఒక పెళ్లివారు వచ్చి, శుక్రవారం లోపల పన్నెండు టేబుల్ గుడ్డలు కావాలన్నారు. శుక్రవారం అనేది విశ్వమంతటికీ ఒకేలా వర్తించే భావన కాదని ఆయన వివరించారు. వాళ్లు మర్యాదగా విని, పక్క కొట్టులో కొనుక్కుని వెళ్లారు. ఇంకొకావిడ గుమ్మం తెర పొడవు అరగజం తగ్గిందని తిరిగి పట్టుకొస్తే, నక్షత్ర మండలాలకూ మండలాలకూ మధ్య ఎడం పెరుగుతుంటే మీరు అరగజం గురించి మాట్లాడుతున్నారా అని జాలిగా చూశారు. ఆవిడ జాలికి లొంగలేదు. తెర మార్చి ఇవ్వక తప్పలేదు.

సాయంత్రం ఐదైతే కొట్టు ముందు బల్ల మీద శిష్యులు చేరేవారు. ఏ పనీ చేయనక్కర్లేదని రుజువు చేసే శాస్త్రానికి మా ఊళ్లో శ్రోతలకు లోటుండదు. వాళ్లు టీ తాగి, తొంభైనాలుగు శాతం అని నిట్టూర్చి, ఆ నిట్టూర్పు బరువుతో ఇళ్లకు వెళ్లి పడుకునేవారు. డ్రైనేజీ గురించి అర్జీ మీద సంతకం పెట్టమంటే విశ్వం సాగిపోతోందనేవారు. డ్రైనేజీ సాగడం లేదన్నదే అసలు ఫిర్యాదని ఎవరూ గుర్తుచేయలేకపోయారు.

టెలిస్కోపు కూడా ఆ సంవత్సరమే మద్రాసు నుంచి తెప్పించారు. రాత్రిపూట డాబా మీద దోమలు కుడతాయి కాబట్టి అది ఇంతవరకు ఒక్క నక్షత్రాన్నీ చూసి ఎరుగదు. పగలు అవతలి ఒడ్డును చూస్తుంది. ఆకాశం కోసం చేసిన పరికరం కావడం చేత అందులో అన్నీ తలకిందులుగా కనిపిస్తాయి. ఆకాశంలో తల ఏదో కింద ఏదో ఎవరికీ పట్టింపు లేదు. అవతలి ఒడ్డు సఖినేటిపల్లిలో ఆ పట్టింపు ఉంది.

సఖినేటిపల్లిలో, ఏటిగట్టుకు ఆనుకుని, అరుగు గోదావరి వైపుకు తిరిగి ఉన్న పెంకుటింట్లో ఆయన అక్కగారు పాపాయమ్మ గారు ఉంటారు. తల్లి పోయాక ఈయన్ని పెంచింది ఆవిడే. కార్తిక శుద్ధ విదియ నాడు మగవాడు తోబుట్టువు ఇంటికి వెళ్లి, ఆవిడ చేత్తో వడ్డించినది తినాలి. యముడంతటివాడు ఆ రోజు సెలవు పెట్టి చెల్లెలింటికి భోజనానికి వెళ్లాడంటారు. ఆయన పని ఒత్తిడి మనం ఊహించగలిగిందే. వాహనం చూస్తే దున్నపోతు. అయినా వెళ్లాడు. ఉదయభాస్కర్ గారికి స్కూటరుంది, ఇంటి ముందే రేవుంది, రేవులో పంటు ఉంది. మనుషుల్నీ మోటారు సైకిళ్లనూ కూరగాయల బుట్టల్నీ ఒకే చదునైన బల్ల మీద ఎక్కించుకుని గోదావరి దాటించే పడవ అది. ఆయన వెళ్లలేదు.

కారణం విశ్వం. రేవు నుంచి రేవుకు తొమ్మిది వందల మీటర్లనీ, అక్క వెలుగు తనను చేరడానికి మూడు మైక్రోసెకన్లు పడుతుందనీ, కనుక తాను చూస్తున్నది ఇప్పటి అక్కను కాదనీ, మూడు మైక్రోసెకన్ల కిందటి అక్కను చేరుకోవడానికి ప్రకృతి ఎవరికీ అనుమతి ఇవ్వదనీ ఆయన లెక్క వేశారు. లెక్కలో తప్పు లేదు. చించినాడ వంతెన మీదుగా కారులో చుట్టు తిరిగి వెళ్లొచ్చు కదా అని నాగదుర్గ గారు అడిగితే, విశ్వంలో అలాంటి అడ్డదారులు గణితంలో ఉన్నాయి గానీ వాటిలోంచి ప్రాణాలతో బయటపడ్డవారి దాఖలాలు లేవన్నారు. ఆవిడ ఆ వంతెన మీదుగానే ఏడాదికి నాలుగుసార్లు వదినగారింటికి వెళ్లి, కంద దుంపలతో సహా ప్రాణాలతో తిరిగి వస్తున్నారు.

అసలు కారణం రేవులో అందరికీ తెలుసు. ఆ రెండువేల మూడులోనే, విదియ భోజనానికి కొత్త పట్టుపంచె కట్టుకుని వెళ్తుంటే, పంటు నడి గోదావరిలో ఇసుక మేట ఎక్కింది. మగవాళ్లంతా దిగి తోశారు. ఉదయభాస్కర్ గారు కూడా దిగవలసి వచ్చింది. మోకాలి లోతు బురదలో పంచె పైకెత్తి, వ్యాపారస్తుణ్ణి నన్ను తోయమంటారా అని ఒక చేత్తో తోస్తుంటే, ఎడమకాలి చెప్పు బురదలో ఉండిపోయింది. పంటు మీద పెళ్లి నుంచి వస్తున్న ఆడపిల్లలు పదిమంది ఉన్నారు. వాళ్లు నవ్వారు. ఆ నవ్వు ఆయన చెవిని చేరడానికి ఎన్ని మైక్రోసెకన్లు పట్టిందో మాత్రం ఆయన లెక్క వేయలేదు. తర్వాతి వారమే ఆ అరపేజీ వ్యాసం కత్తిరించి పర్సులో పెట్టుకున్నారు. ఇప్పటికీ ఉంది.

మరుసటి ఏడు విదియకు తమ్ముడు రాకపోయేసరికి పాపాయమ్మ గారు క్యారేజీ కట్టి పంటు మీద పంపారు. తెచ్చినవాడు ఏసుపాదం, పంటు మీద మోకు వేసి ఒడ్డుకు కట్టే మనిషి. తోబుట్టువు చేత్తో వడ్డించాలి కదా, క్యారేజీలో తింటే ఏం ఫలం అని నాగదుర్గ గారు సందేహం లేవనెత్తారు. ఉదయభాస్కర్ గారు దానికి చరిత్రాత్మకమైన పరిష్కారం కనిపెట్టారు. పన్నెండున్నరకు అక్క తన అరుగు మీద నిలబడాలి. తను డాబా మీద కూర్చుని ఆవిణ్ణి టెలిస్కోపులో చూస్తూ తినాలి. ఆవిడ చేతి మీద పడ్డ వెలుగు వచ్చి తన కంట్లో పడుతుంది కాబట్టి, శాస్త్రీయంగా ఆవిడ చెయ్యి తనను చేరినట్టే. కనుక వడ్డించినట్టే. శిష్యులు ఈ సిద్ధాంతాన్ని ఏకగ్రీవంగా ఆమోదించారు. ఖాళీ క్యారేజీతో పాటు ఒక చీర ఏసుపాదం చేతికిచ్చి పంపేవారు. ఇరవై ఒక్క ఏళ్లు పులిహోర ఇటూ చీర అటూ నడిచాయి. పాపాయమ్మ గారు ఎర్రటి ఎండలో అరుగు మీద తలకిందులుగా నిలబడ్డారు.

కిందటి కార్తికానికి వారం ముందు ఆవిడ ఫోను చేశారు.

"ఒరేయ్ భాస్కరం, ఈసారి విదియకి వస్తున్నావా?"

ఆయన తొంభైనాలుగు శాతం నుంచి మొదలుపెట్టారు. ఆవిడ మధ్యలో ఆపకుండా మొత్తం విన్నారు. పెంచిన ప్రాణం.

"అయితే నేను ఎందులో ఉన్నానురా? తొంభైనాలుగులోనా, ఆరులోనా?"

ఈ ప్రశ్న ఇంతవరకు ఏ శిష్యుడూ అడగలేదు. ఆయన కొంచెం తడబడి, సిద్ధాంతరీత్యా ఆరులోనే గానీ ఆచరణలో వచ్చే ఇబ్బందులు వేరని అన్నారు.

"సరే విను. నాకు డెబ్భై నాలుగొచ్చాయి. మోకాళ్లు పట్టేస్తున్నాయి, పొయ్యి దగ్గర నిలబడలేను. విదియ వంట నాకు ఇదే ఆఖరు. క్యారేజీ కట్టను. తమ్ముడికని ఒక ఆకు వేస్తాను, వస్తే నీకు వడ్డిస్తాను. పన్నెండున్నర దాటితే ఏసుపాదాన్ని కూర్చోబెట్టి వడ్డిస్తాను. ఇన్నేళ్లూ వస్తున్నవాడు అతనే కదరా."

ఫోను పెట్టేశారు.

కబురు రేవు దాటి రెండు ఊళ్లకూ పాకింది. ఏసుపాదం ఆదివారం చర్చికి వెళ్లే మనిషి కదా అని ఎవరో పెద్దమనిషి గుర్తుచేస్తే, విదియ గురువారం వచ్చింది లెండి అన్నారట పాపాయమ్మ గారు. కొట్టు ముందు బల్ల మీద ఈ విషయం రెండు సాయంత్రాలు చర్చకు వచ్చింది. అక్కగారు బెదిరిస్తున్నారనీ, క్యారేజీ తప్పక వస్తుందనీ, పెంచిన చెయ్యి ఆగలేదనీ శిష్యులు తేల్చారు. వాళ్లలో ఎవరూ ఎవర్నీ పెంచలేదు. ఉదయభాస్కర్ గారు చిరునవ్వుతో, విశ్వానికి పన్నెండున్నర అంటూ ఏమీ ఉండదన్నారు. ఆ రాత్రి మాత్రం వంటింట్లో నిలబడి, అక్కయ్య ఈసారి బూరెలు చేస్తుందా అని భార్యను రెండుసార్లు అడిగారట. నాగదుర్గ గారు విదియకు ముందురోజే చీర పెట్టె పట్టుకుని కారెక్కి, ప్రాణాలకు తెగించి, చించినాడ మీదుగా వెళ్లిపోయారు. వంటింట్లో గిన్నెలన్నీ తోమి బోర్లించి ఉన్నాయి.

విదియ నాడు పదకొండు నుంచీ ఆయన కొట్టు గుమ్మంలో నిలబడ్డారు. పంటు రెండుసార్లు వచ్చింది. మోటారు సైకిళ్లు దిగాయి, అరటిగెలలు దిగాయి. క్యారేజీ దిగలేదు. పన్నెండుంబావుకు డాబా ఎక్కి, అలవాటు ప్రకారం ఎడమ కన్ను మూసి, కుడి కన్ను ఆనించారు.

అరుగు కనిపించింది. అరుగు స్తంభం పక్కన, పైన వేలాడుతున్నట్టుగా ఒక అరిటాకు. పన్నెండున్నర అయింది. ఉతికిన చొక్కా వేసుకుని ఏసుపాదం వచ్చాడు, కాళ్లు కడుక్కున్నాడు, ఆకు ముందు కూర్చున్నాడు. పాపాయమ్మ గారు ఒక చెయ్యి మోకాలి మీద ఆనించుకుని వంగి వడ్డిస్తున్నారు. పులిహోర. కంద బచ్చలి కూర. తర్వాత బూరెలు. ఆవిడ బూరెకు వేలితో చిల్లు పొడిచారు, చిల్లులో నెయ్యి పోశారు. నెయ్యి కింది నుంచి పైకి వెళ్లింది. ఉదయభాస్కర్ గారు లెక్కపెట్టారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ప్రతి బూరె వెలుగూ మూడు మైక్రోసెకన్లలో వచ్చి ఆయన కంట్లో పడింది. సిద్ధాంతం ప్రకారం ఆయన కడుపు నిండాలి.

నిండలేదు. నాగరికతలు పెద్ద పెద్ద పరికరాలతో గుర్తించిన సంగతిని, కనబడినంత మాత్రాన అందదన్న సంగతిని, ఆయన అరవై ఆరో ఏట ఖాళీ కడుపుతో స్వతంత్రంగా కనుగొన్నారు. ఆకాశ పరిశోధనలో ఆయన స్థానం ఇంతవరకు ఎవరూ గుర్తించలేదు.

అక్కగారు వడ్డించడం ఆపి, నడుము పట్టుకుని నిటారుగా నిలబడి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని గోదావరి వైపు చూశారు. తిన్నగా ఈ డాబా వైపే. ఆవిడ దగ్గర టెలిస్కోపు లేదు.

ఉదయభాస్కర్ గారు మెట్లు దిగారు. దిగడం అంటే మర్యాదకు. కొట్టు తలుపులు బార్లా వదిలేసి, రెండు చెప్పులూ ఉన్నాయో లేదో చూసుకుని, రేవుకు పరుగెత్తారు. పంటు అవతలి ఒడ్డున ఉంది. కదలడం లేదు. రెండో పంటును రంగు వేయడానికి ఒడ్డెక్కించారు. ఎప్పుడు వస్తుందని గుమస్తాను అడిగితే అతను తల ఎత్తకుండానే చెప్పాడు.

"మోకు వేసే ఏసుపాదం భోజనానికి వెళ్లాడండి. అతను తిని వస్తేనే."

నక్షత్ర మండలాల మధ్య ప్రయాణం ఎందుకు సాధ్యం కాదో ఇరవై రెండేళ్లుగా బోధించిన మనిషి, తన భోజనం ఇంకొకడు తినడం పూర్తయ్యేదాకా మోటారు సైకిళ్ల మధ్య నలభై నిమిషాలు నిలబడ్డారు. ఆ నలభై నిమిషాలూ ఆయన విశ్వం గురించి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. రేవులో వాళ్లు ఆ విదియను ఇప్పటికీ దాంతోనే గుర్తుపెట్టుకున్నారు.

పంటు వచ్చింది. ఏసుపాదం ఒడ్డు మీదికి మోకు విసిరి, ముడి వేసి, తల ఎత్తాడు.

"ఏంటండి, మీరే వచ్చారు?"

"అక్కయ్య దగ్గరికి."

"ఆయ్." ముడి బిగించాడు. "బూరెలు ఇంకో రెండు వేస్తానన్నారండి అమ్మగారు. నాలుగు చాలన్నానండి."

ఉదయభాస్కర్ గారు గోదావరి వైపు చూస్తూ, తినేశావు కదా, ఇంక నేను వెళ్లి మాత్రం ఏం చేస్తాను, నా ఆకులో నువ్వు కూర్చున్నాక అన్నారు.

"మీ ఆకులో నేనెందుకు కూర్చుంటానండి? అమ్మగారు కూర్చోమన్నారు. పొద్దున్నే నేను కాదన్నాను. పక్కన ఇంకోటి వేయించుకున్నానండి. మీది స్తంభం వెనకాల ఉంది."

"స్తంభం వెనకాలా?"

"ఏటా అక్కడే వేస్తారండి. నీడగా ఉంటుందని. చీకటి పడేదాకా ఉంచి తీస్తారు. మీ డాబా మీంచి చూస్తే కనబడదు లెండి, స్తంభం అడ్డం." తర్వాత వెనక మోటారు సైకిళ్లవాళ్లు హారన్లు కొడుతుంటే, మామూలు గొంతుతో అన్నాడు. "ఎక్కుతారాండి, పక్కకి జరుగుతారా?"

ఎక్కారు. ఎవరిదో మోటారు సైకిలు హ్యాండిలు రెండు చేతులా పట్టుకుని, బలికి తీసుకెళ్తున్న జీవంలా నిలబడ్డారు. నడి గోదావరిలో ఇసుక మేట దగ్గర పంటు వేగం తగ్గించి పక్కకు తిరిగింది. ఉదయభాస్కర్ గారు నీళ్లలోకి చూశారు. ఇరవై రెండేళ్ల కిందటి చెప్పు అక్కడెక్కడో ఉండాలి. కనబడలేదు. పంటు మీద కాలేజీ ఆడపిల్లలు కొందరున్నారు. ఫోనుల్లో ఏదో చూసుకుని నవ్వుకుంటున్నారు. ఈయన వైపు ఒక్కరూ చూడలేదు. ఇరవై రెండేళ్లుగా ఏ నవ్వుకు భయపడి మొత్తం సృష్టిని అడ్డం పెట్టుకున్నారో, ఆ నవ్వుకు ఈయన అక్కర్లేదు.

అరుగు మీద పాపాయమ్మ గారు కూర్చుని ఉన్నారు. మొదటిసారిగా తల పైకి, కాళ్లు కిందికి ఉన్నాయి. టెలిస్కోపులో కనిపించినదానికంటే బాగా చిన్నగా ఉన్నారు. లోపలి గుమ్మంలో నాగదుర్గ గారు నిలబడి, భర్త పంచె తడిసిందో లేదో చూసి, లోపలికి వెళ్లి నెయ్యి గిన్నె తెచ్చారు. ఏడవడాలూ కౌగిలించుకోవడాలూ ఏమీ జరగలేదు. కాళ్లు కడుక్కోమన్నారు అక్కగారు. కడుక్కున్నారు.

స్తంభం వెనకాల ఆకు అంచులు వడలి కొంచెం ముడుచుకుని ఉన్నాయి. ఆయన కూర్చున్నారు. పులిహోర చల్లారిపోయింది. ఆవిడ మోకాలి మీద చెయ్యి ఆనించి వంగి, రెండు బూరెలు వేసి, ఒకదానికి చిల్లు పొడిచి నెయ్యి పోశారు. నెయ్యి పై నుంచి కిందికే పడింది. ఉదయభాస్కర్ గారు గొంతు సవరించుకుని, అక్కయ్యా, అసలు వెలుగు అనేది ఎలా ప్రయాణిస్తుందంటే, అని మొదలుపెట్టారు.

"ముందు తిను."

తిన్నారు. రెండో బూరెకు ఆవిడ మళ్లీ వంగారు.

"పంటు మీదే వచ్చావా? ఎంతసేపు పట్టిందిరా?"

ఆయన ఎడమచేతి గడియారం చూసుకున్నారు. పన్నెండు నిమిషాలు పట్టింది.